పెళ్లి జాబులకు జల్లెడ లేదు

మాఘ శుద్ధ విదియ. ఈశాన్యం గాలి. కెరటం మామూలే.

ఈ పహరా నమోదు రోజూ రాయాలని కుళాయి కంపెనీ వారి నియమం. రాసింది ఎవరూ చదవరని నా అనుభవం. చదివేవాళ్లే ఉంటే, రేవు దగ్గర తాడు చివికిపోయిందని పోయినేడు నేను మొత్తుకున్నప్పుడే ఎవరో ఒకరొచ్చి చూసుండేవారు. తాడు తెగింది, రెండిళ్లు కొట్టుకుపోయాయి, అప్పుడు మాత్రం "ముందే ఎందుకు రాయలేదు" అని నన్నడిగారు. అందుకని ఇకమీదట నాకు తోచింది రాస్తాను.

నా పేరు సత్యవేణి. కొత్తలంకలో జాబుల గది నా చేతిలో ఉంది. పాత లంకలన్నీ సముద్రం మింగేశాక, డ్రమ్ముల మీద పలకలు బిగించి, ఇంటికీ ఇంటికీ తాళ్లు కట్టుకుని మావాళ్లు నీళ్ల మీద నిలబెట్టుకున్న ఊరిది. పొద్దున లేవగానే డ్రమ్ములకు పట్టిన నత్తగుల్లలు గీకాలి. ఉప్పు వడకట్టే గుడ్డ మార్చాలి. ఆ తర్వాతే కాఫీ, అదీ కార్డులో నీళ్లుంటే.

కార్డంటే క్రెడిట్ కార్డే. డబ్బులు పోయి బిందెలొచ్చినా పేరు మాత్రం పాతదే మిగిలింది. ముందు పదహారంకెలు, వెనక మూడంకెలు. కంపెనీ ఇచ్చే మంచినీళ్లలో వాడగా మిగిలినవి అందులో పోగుపడతాయి. వేసవి కోతల్లో వాటి మీదే ప్రాణాలు నిలవాలి. వెనకున్న ఆ మూడంకెలు ఎవడి చెవిన వేశామా, ఇంక గొంతు తడుపుకోవడానికి కూడా ఉండదు.

దాని కోసమే పొంచి ఉండే ఈమెయిళ్లను ఏరి, వాటి నెత్తిన ఎర్ర ముద్ర కొట్టడం నా ఉద్యోగం. మా అమ్మ రోజుల్లో దొంగ ఉత్తరం భాష చూస్తేనే తెలిసిపోయేదట, వాక్యానికో తప్పు. ఇప్పుడు రాసేది యంత్రం. దొంగల తెలుగు పంచదార పాకంలా ఉంటోంది, కంపెనీ వారి తెలుగే నోట్లో రాయి పడ్డట్టుంటోంది. అందుకని నేను భాష చూడను. పంపినవాడి చిరునామా అక్షరం అక్షరం చూస్తాను. తొందర పెడుతున్నాడా అని చూస్తాను. అన్నిటికన్నా ముందు, ఏం అడుగుతున్నాడో చూస్తాను. కార్డు ఇచ్చింది కంపెనీ, నంబరు వేసింది కంపెనీ. వాళ్ల దగ్గరున్న నంబరు వాళ్లే మళ్లీ మనల్ని ఎందుకు అడుగుతారు? ఈ ఒక్క ముక్క బుర్రలో పెట్టుకుంటే చాలని ఊరంతటికీ చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది.

అయినా నా జల్లెడకి ఒక చిల్లుంది. దాన్ని పెట్టింది నేను కాదు, ఊరు. పోయిన శ్రావణంలో యాళ్ల అబ్బులు గారి మనవరాలి శుభలేఖ కొత్త చిరునామా నుంచి వచ్చింది. అందులో కార్డు మాట కూడా ఉంది. ముద్ర కొట్టాను. ఎవరైనా కొడతారు. "శుభమా అని లేఖ పంపితే నెత్తురు చుక్క పెడతావా అమ్మా?" అని ఊరు ఊరంతా నా మీద విరుచుకుపడింది. పంచాయతీ కూర్చుని తీర్మానం చేసింది. ఇకమీదట పెళ్లి జాబులకు జల్లెడ లేదు.

మాఘ శుద్ధ పంచమి. గాలి ఎక్కువ.

ఇవాళ కడలి త్రిమూర్తులు గారమ్మాయి పెళ్లి. ఆరు తెప్పలు కలిపి కట్టి పందిరి వేశారు. భోజనాల కన్నా చదివింపుల దగ్గరే జనం ఎక్కువ. మావాళ్లు భూమిని వదిలారు గానీ చదివింపులు వదల్లేదు. ఎవరెన్ని బిందెలు ఇచ్చారో కార్డు గీకగానే అబ్బులు గారి చేతికి అందుతుంది, ఆయన మైకులో పేరూ ఇంటిపేరూ పెట్టి చదువుతారు. ఆ పేరు వినపడే క్షణం కోసం మనుషులు చెయ్యి కడుక్కోకుండా ఎండిపోయిన విస్తరి ముందు కూర్చుంటారు.

మా అన్నయ్య గుబ్బల సూరిబాబు ముప్పై బిందెలు చదివించాడు. మా అన్నయ్య కొత్త తెప్ప కట్టుకున్నప్పుడు త్రిమూర్తులు ఇరవై చదివించాడట. అంతకి తగ్గకూడదు, సమానమైనా బాగుండదట. నాకు ఒళ్లు మండింది.

"అన్నయ్యా, అవి ఎవరి నీళ్లు? వదిన రక్తం కడిగే నీళ్లు కాదూ?"

"ఊరుకోవే. పెళ్లిలో ఏంటా మాటలు? వేసవికి సరిపడా ఉన్నాయిలే."

మా వదిన మంగతాయారుకి మూత్రపిండాలు పాడై రెండేళ్లయింది. వారానికి రెండుసార్లు మిషన్ మీద పడుకోవాలి. ఆసుపత్రి మిషన్ ఇస్తుంది, నర్సునిస్తుంది, నీళ్లు మాత్రం మన కార్డులోంచే లాగుతుంది. తాగడానికి ఆవిడకి రోజుకో గ్లాసు దాటకూడదు, రక్తం కడగడానికి మాత్రం పూటకో గాబు కావాలి. అందుకే వాళ్లింట్లో స్నానం కూడా తడిగుడ్డతోనే. రెండేళ్లుగా అలా కూడబెట్టారు ఆ బిందెలు.

ఇవాళ మిషన్ రోజు కావడంతో అన్నయ్య తన పేరు చదవకముందే వదినని తీసుకుని వెళ్లిపోయాడు. పడవెక్కుతూ కూడా తల వెనక్కి తిప్పి మైకు వంకే చూశాడు. గాలికి సగం పేర్లు ఎవరికీ వినపడలేదు.

మాఘ శుద్ధ షష్ఠి. గాలి తగ్గింది.

పొద్దున్నే నాకే వచ్చింది.

"శ్రీమతి సత్యవేణి గారికి నమస్కారములు. కడలి వారి కల్యాణమునకు తాము ప్రేమతో చదివించిన కానుక, కార్డు వివరములు సరిపోలనందున, మైకులో చదవబడలేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. నేటి సాయంత్రం వ్రతము వద్ద మిగిలిన పేర్లు చదువబడును. మధ్యాహ్నం లోపు దిగువ కార్డు వివరములు నింపిన యెడల తమ పేరు ముందు వరుసలో చదువబడును."

కింద పదహారు గళ్లు, మూడు గళ్లు.

మెచ్చుకోకుండా ఉండలేకపోయాను, పాడు వెధవల్ని. ఇంతకుముందొచ్చిన దొంగలు లాటరీ తగిలిందని ఆశ పెట్టేవారు, కుళాయి కోసేస్తామని భయపెట్టేవారు. ఆశకీ భయానికీ మావాళ్లు ఎప్పుడో రాటుదేలారు. వీడెవడో మా ఊరి ఆయువుపట్టు పట్టుకున్నాడు. పేరు చదవలేదు అన్నాడు. అంతే.

చిరునామా చూస్తే కడలివారిదే అనిపిస్తుంది, చివర ఒక్క అక్షరం ఎక్కువ. ఇక అనుమానమొస్తే ఏం చెయ్యాలి? జాబు వచ్చిన దారిన కాకుండా మరో దారిన వెళ్లి అడగాలి. కడలివారిల్లు మూడు తెప్పల అవతలే. వెళ్లి "మా చదివింపు అందిందాండి?" అంటే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కానీ కొత్తలంకలో ఆ మాట ఎవరైనా అడుగుతారా? ఇచ్చినదాని ఆరా తీయడమంటే ఇచ్చిన చేత్తో వెనక్కి లాక్కోవడమే. ప్రాణం పోయినా అడగరు. అది తెలిసే రాశాడు వాడు.

వెంటనే వెళ్లి అబ్బులు గారి మైకు లాక్కుని అందరికీ చెప్పాను. ఇది దొంగ జాబు, ఎవరూ నంబరు ఇవ్వకండి, ఇచ్చినవాళ్లు ఈ క్షణమే నా దగ్గరికి రండి, కార్డు ఆపించేస్తాను అని. వ్రతం ఏర్పాట్లకి పందిట్లో చేరినవాళ్లంతా నవ్వారు.

"మనూళ్లో అంత వెర్రివాళ్లెవరున్నారండీ?" అన్నారు త్రిమూర్తులు గారు.

"మరేనండి," అన్నారు అందరూ.

మా అన్నయ్య నవ్వలేదు. నేను కిందికి దిగాక పక్కకొచ్చి అడిగాడు. "ఒకవేళ ఎవరైనా ఇచ్చేశారనుకో, నీ దగ్గరికొస్తే నువ్వు ఎవరికీ చెప్పకుండా ఆపించగలవా?"

"చెప్పకుండా ఎలా కుదురుతుంది? కార్డు ఎవరిదో వాళ్లు కంపెనీ కిటికీ దగ్గరికెళ్లి నోటితో చెప్పాలి. ఆ పేరు ఊరి మైకులో వేస్తారు, మిగతావాళ్లు జాగ్రత్తపడాలని. ఎందుకన్నయ్యా, నీకేమైనా వచ్చిందా?"

"నాకా? ఛఛ. ఊరికే అడిగేను."

ఆ ముఖం చూసి కూడా నమ్మాను. దొంగ జాబుని వాసనతో పట్టేస్తానని పేరు నాకు.

మాఘ బహుళ పాడ్యమి. నిన్నటి పోటు ఇంకా దిగలేదు.

పదిహేను రోజుల మిషన్ నీళ్లు ఒకేసారి కార్డులోంచి లాగుతారు. ఇవాళ నర్సు కార్డు గీకితే ఖాళీ అని వచ్చింది. మళ్లీ గీకింది. ఖాళీ. వదిన అప్పటికే మంచమెక్కి చెయ్యి చాపి ఉంది.

"కార్డు గీకే మిషన్ పాడైనట్టుందమ్మా," అన్నాడు అన్నయ్య.

నర్సు పక్కవాళ్ల కార్డు గీకింది. పనిచేసింది.

అప్పుడు అన్నయ్య బల్ల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. నాకు అర్థమైంది. వదినకి నాకన్నా ముందే అర్థమైంది.

"ఎప్పుడిచ్చేరు?" అంది.

"పెళ్లి మర్నాడు పొద్దున్న. వేణమ్మ మైకులో చెప్పడానికి ముందే. పేరు చదవలేదన్నారు తాయారూ. త్రిమూర్తులు ఏమనుకుంటాడు? ముప్పై ఇచ్చి కూడా ఎగ్గొట్టినట్టే కదా?"

"మరి ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావు?" అని నేనరిచాను. వార్డంతా తిరిగి చూసింది. అన్నయ్య "నెమ్మదిగా, నెమ్మదిగా" అన్నాడు. ఆ క్షణంలో కూడా అదే. పెళ్లాం చెయ్యి చాపుకుని పడుకుంది, నీళ్లు లేవు, ఆయనకి పక్క మంచం వాళ్లు వింటారని బెంగ.

నా కార్డులో ఉన్నవన్నీ గీకించాను. ఒంటిదాన్ని, నాకొచ్చే వాటా ఎంతని? రెండు పూటలకొచ్చాయి.

దారింకా మూసుకుపోలేదు. నెలాఖరు లెక్క అమావాస్యనాడు మూసేస్తారు. ఆ లోపు కార్డుదారు కిటికీ దగ్గర నోటితో చెబితే పోయిన బిందెలు కంపెనీ తిరిగి పోస్తుంది. లెక్క మూశాక దేవుడు దిగొచ్చినా పొయ్యదు. కార్డు అన్నయ్య పేరున ఉంది. నేను చెబితే చెల్లదు, వదిన చెప్పినా చెల్లదు.

మాఘ బహుళ దశమి. పడమటి గాలి.

రోజూ వెళ్లి అడుగుతున్నాను. రోజూ రేపంటాడు. ఒకసారి జ్వరమన్నాడు, ఒకసారి మంచిరోజు కాదన్నాడు. ఫిర్యాదుకి ముహూర్తం ఏంటి నీ మొహం అన్నాను. నాకన్నా పన్నెండేళ్లు పెద్దవాడు, పుట్టి బుద్ధెరిగాక నేనంత మాట అన్లేదు.

"నీకేం తెలుసే? రేపు మైకులో 'గుబ్బల సూరిబాబు గారు మోసపోయారు' అని చదివితే, ఆ తర్వాత నేను ఏ పందిట్లో కూర్చోవాలి?"

"వదిన పోతే ఏ పందిట్లో కూర్చుంటావు?"

వదిన లోపల్నుంచి, "నన్ను అప్పుడే పంపెయ్యకే, కూర పొయ్యి మీదుంది," అంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆవిడ ఎప్పుడూ అంతే.

చివరికి ఆవిడే ఒప్పించింది. ఏం చెప్పిందో నాకు తెలీదు. అమావాస్యనాడు వస్తానని అన్నయ్య నా చేతిలో చెయ్యేశాడు.

మాఘ అమావాస్య. పెద్ద పోటు.

ఇవాళ్టి సంగతి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

కంపెనీ తెప్ప మీద ఫిర్యాదుల కిటికీ ఏడాదిలో మూడొందల రోజులు ఖాళీగా ఉంటుంది. ఇవాళ వెళ్లేసరికి ఇరవై మంది మగాళ్లు నిలబడి ఉన్నారు, ఊళ్లో పెద్ద తలకాయలన్నీ. ముందున్నది మైకు అబ్బులు గారు. ఆయన వెనక త్రిమూర్తులు గారి తోడల్లుడు. ఆయన వెనక పంచాయతీలో నా మీద తీర్మానం రాసినాయన.

ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. వాడు అందరికీ పంపాడు, వీళ్లందరూ ఇచ్చారు, తన పేరు తనే చదువుకోకూడదని ఆ కాసేపు మైకు వేరొకరికిచ్చే అబ్బులు గారు కూడా. పెళ్లి పందిట్లో నేను మైకు పట్టుకున్నప్పుడు నవ్వినవాళ్లలో సగంమంది అప్పటికే ఇచ్చేసి ఉన్నారు. నాకు కోపం రాలేదు, నిజం చెప్పాలంటే ఆశ పుట్టింది. హమ్మయ్య, ఒక్కడే కాదు, ఇరవై మంది ఉన్నారు, ఇరవై పేర్లు కలిపి చదివితే ఎవడి పరువు పోతుంది అనుకున్నాను.

నేను ఈ ఊరిదాన్ని కానట్టే అనుకున్నాను.

అన్నయ్యని చూడగానే అబ్బులు గారు గొడుగు చంకలో పెట్టుకుని నవ్వారు.

"ఏమండి సూరిబాబు గారూ, ఇలాగొచ్చేరు?"

"ఆయ్, ఏం లేదండి. తవరు?"

"పోటెక్కువగా ఉంది కదండి, ఎంతెక్కిందో చూద్దారని. ఇక్కణ్నుంచైతే బాగా కనబడుద్ది."

తోడల్లుడు గారు చల్లగాలికి వచ్చారట. తీర్మానం రాసినాయన దారిలో కనబడితే పలకరిద్దామని ఆగారట. ఒక్కొక్కరూ ఒక్కో కారణం, అడక్కుండానే చెప్పుకున్నారు. లోపల కిటికీ తెరుచుకుంది. కూర్చున్న అమ్మాయి తల బయట పెట్టి, "ఫిర్యాదులెవరివండీ?" అంది.

అందరూ సముద్రం వంక చూశారు.

"మీరు ముందు రండి," అని అబ్బులు గారు వెనకాయనకి మర్యాదగా దారిచ్చారు. "అబ్బే, మీరే కానివ్వండి," అన్నాడాయన. "మాకేం పని లేదండి," అన్నాడింకొకాయన. అలా ఒకరికొకరు దారిచ్చుకుంటూ, నమస్కారాలు పెట్టుకుంటూ, ఒక్కొక్కరే పడవలెక్కి వెళ్లిపోయారు.

నేను అన్నయ్య భుజం పట్టుకుని కిటికీ ముందుకి తోశాను. ఆ అమ్మాయి, "చెప్పండి బాబాయ్ గారూ," అంది. వెనక ఇంకా ఇద్దరు ఉన్నారు.

"నాకేం ఫిర్యాదు లేదమ్మా," అన్నాడు మా అన్నయ్య. "చెల్లెలికి తోడొచ్చేను."

నేను గొంతు చించుకుని అరిచాను. మీరందరూ నంబర్లిచ్చారు, మీ ఇళ్లల్లో గాబులు ఖాళీ, నాకు తెలుసు, సిగ్గులేదా అన్నాను. మిగిలిన ఇద్దరూ నొచ్చుకున్నట్టు మొహం పెట్టారు. "ఎంత మాటండి సత్యవేణి గారూ, ఆడకూతురు అనాల్సిన మాటేనా?" అన్నారు. నా ఫిర్యాదు రాసుకోమ్మా అని ఆ అమ్మాయిని బతిమాలాను. కార్డు మీది కాదు కదండీ అంది. అది తప్పనలేను.

సాయంత్రం లెక్క మూసేశారు.

ఫాల్గుణ శుద్ధ అష్టమి. గాలి లేదు, ఉక్క.

వారానికి రెండుసార్లు కాస్తా ఒకటైంది. వదిన కాళ్లు పొంగాయి. నా వాటాలో తాగేవి ఉంచుకుని మిగతావి పోస్తున్నాను. జాబుల గదిలో కూర్చుంటే కళ్లు తిరుగుతున్నాయి గానీ ఆ మాట ఆవిడకి చెప్పలేదు.

అన్నయ్యకి తెలియకుండా అబ్బులు గారింటికి వెళ్లాను. ఊరందరికీ పెద్దమనిషి. కుర్చీ వేశారు, పంచదార పలుకులు పెట్టారు. విషయం చెప్పాను. ఇంటికి రెండు బిందెలిస్తే ఆవిడ వేసవి దాటుతుందన్నాను.

"ఇవ్వకేం చేస్తామండమ్మా? తాయారమ్మ గారు మాకు పరాయా? సూరిబాబు గారొచ్చి ఒక్క మాట అడిగితే చాలు, ఎక్కడ్నుంచైనా తెచ్చి పోస్తాం."

"ఆయన అడగడండి. మీరే ఇచ్చెయ్యండి."

ఆయన నిజంగానే బాధపడ్డారు. "ఆయనడక్కుండా మేం ఇస్తే ఆయన్ని చేతకానోడి కింద జమకట్టినట్టు కాదాండి? ఆయన మొహం మేం ఎలా చూస్తాం? తవరే ఆలోచించండి."

ఆలోచించాను. ఆ పంచదార పలుకులు అలాగే వదిలేసి వచ్చేశాను. మర్యాద ఎక్కువైతే మనుషులు చస్తారని నాకెవరూ చిన్నప్పుడు చెప్పలేదు.

చైత్ర శుద్ధ విదియ. ఎండ ముదిరింది.

నిన్నటి ఉగాది పచ్చడి వదిన నాలిక్కి రాసుకుంది, మింగలేదు. నన్ను దగ్గర కూర్చోమంది.

"నిన్న కడలివారింటికెళ్లేను," అంది.

"ఈ కాళ్లతోనా? ఎందుకు?"

"నేనే నీళ్లు అడుగుదారని. పసుపు రాసేరు, జాకెట్టు గుడ్డ పెట్టేరు. ఒంట్లో ఎలా ఉందమ్మా అనడిగేరు. బాగానే ఉందండీ అన్చెప్పి వచ్చేసేను." ఆ జాకెట్టు గుడ్డ తలగడ కిందికి తోసింది. "నోరు రాలేదే వేణమ్మా. మీ అన్నయ్యనంటాం గానీ, నేనూ ఈ ఊళ్లో పుట్టినదాన్నే కదా."

"వదినా, ఎవరేమనుకున్నా సరే, నేను మైకులో చెప్పేస్తాను."

"ఎన్నిసార్లు చెప్తావే? నువ్వు చెబితే, మా ఇంట్లో ఏం పోలేదని మీ అన్నయ్యే మైకు లాక్కుని చెప్తాడు. అది నేను వినలేను." నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా, ఉబ్బి ఉంది. "నాకు చచ్చిపోవాలని లేదు. బోల్డు పనుంది. ఆయన చెడ్డాడైనా బాగుండును, తిట్టుకుంటూ పోయేదాన్ని."

చైత్ర బహుళ షష్ఠి.

వదిన పోయింది. పొద్దున్నే, మిషన్ వంతు ఇంకా రెండు రోజులుందనగా. గాలీ కెరటం నేను చూడలేదు. కంపెనీ వారు కావాలంటే వాళ్లే చూసి రాసుకోవచ్చు.

వైశాఖ శుద్ధ పాడ్యమి. పెద్దకర్మ.

కొత్తలంకలో పెళ్లికే కాదు, చావుకీ చదివింపులున్నాయి. పోయినవాళ్ల పేరున నీళ్లు వదలాలి, ఆ నీళ్లు ఆ ఇంటి కార్డులో పడతాయి. దీనికి ఎవరూ అడగక్కర్లేదు. చావుకి ఇవ్వడం ఎవరికీ చిన్నతనం కాదు, పుచ్చుకోవడమూ కాదు.

అబ్బులు గారు మైకు పట్టుకున్నారు. ఆయన ఏడ్చారు, దొంగ ఏడుపు కాదు. "కీర్తిశేషులు గుబ్బల మంగతాయారమ్మ గారి ఆత్మశాంతికి... కడలి త్రిమూర్తులు గారు, పాతిక బిందెలు." తర్వాత తోడల్లుడు గారు. తర్వాత తీర్మానం రాసినాయన. కిటికీ ముందు నిలబడి సముద్రం చూసిన ప్రతివాడూ వచ్చాడు. వాళ్ల కార్డులు కూడా ఖాళీ అయినవే, వచ్చే నెల వాటా ముందే తెచ్చి మరీ చదివించారు. ఒకరికన్నా ఒకరు తగ్గలేదు.

నాకు లెక్క ఆపుకోవడం చేతకాలేదు. నాలుగో పేరు దగ్గరికే ఆవిడకి నెలకి సరిపడా వచ్చేశాయి. అబ్బులు గారు మైకు కట్టేసేసరికి వచ్చే మాఘం దాకా బతికించే నీళ్లు మా అన్నయ్య కార్డులో పడి ఉన్నాయి. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. వెళ్లేటప్పుడు నాకు చేతులు జోడించారు, నేను మొహం తిప్పుకున్నాను.

జనం వెళ్లాక అన్నయ్య కార్డు తెచ్చి నా ముందు పెట్టాడు.

"నీ దగ్గర దాచు వేణమ్మా. నాకింక దీని మీద నమ్మకం లేదు. నంబరు ఎవరికీ చెప్పకు."

"ఎవరి కోసం దాచనన్నయ్యా?"

ఆయన విన్నాడో లేదో. దేనికోసమో వెతుకుతున్నట్టు పందిరి వంక చూస్తూ ఉన్నాడు.

"అందరి పేర్లూ చదివేరు గానీ, నీ పేరు వినపళ్లేదేంటి?" అన్నాడు. "ఆడపడుచువి, నీ పేరు లేకపోతే బాగోదు. అబ్బులు గారు మర్చిపోయినట్టున్నారు. ఉండు, నేనెళ్లి అడిగొస్తాను."

లేచి చెప్పులేసుకుంటున్నాడు. నిజంగానే అడగడానికి వెళ్తున్నాడు, మా అన్నయ్య.

"అక్కర్లేదు. నావి వదిన బతికుండగానే ఇచ్చేశాను," అన్నాను.

అప్పుడు ఏడ్చాడు. పెద్దగా, పక్క తెప్పల వాళ్లకి వినపడేలా ఏడ్చాడు. నాకు జాలి వెయ్యలేదు.